పదివేలు దేనికి పెట్టాలి?

హైదరాబాద్‌లో ఒకమ్మాయికి చిన్న వర్క్‌షాపు ఉంది. మోటారు డ్రైవులు, లిఫ్టుల కంట్రోల్ బోర్డులు బాగుచేస్తుంది. పదీ ఇరవై ఆర్డరొస్తే కొత్త బోర్డులు కూడా చేసి ఇస్తుంది. విడిభాగాలు చాలామటుకు కోఠీ గుజరాతీ గల్లీలో కొంటుంది. ఈ మాటల్లో రెండో మనిషి ఆమె సొంత బాబాయి. తెనాలిలో చాలాకాలం ఫొటో స్టూడియో నడిపి ఈమధ్యే మూసేశాడు. బోర్డుల మీది చిన్న భాగాలను ఫొటో తీసుకునేందుకు ఆమె 10,000 రూపాయలు పక్కన పెట్టింది. ఆ డబ్బు దేనికి పెట్టాలన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు. తీర్పు చెప్పమని నన్నెవరూ అడగలేదు గానీ నోరూరుకోక అక్కడక్కడా కలగజేసుకున్నాను.

అమ్మాయి: బాబాయ్, ముందే చెప్తున్నా. మాక్రో లెన్స్ మాట ఎత్తొద్దు. అంత డబ్బు లేదు. యూఎస్‌బీ మైక్రోస్కోప్ ఒకటి కొనేస్తాను. స్టాండు, లైటు దాంతోనే వస్తాయి, లాప్‌టాప్‌కి తగిలిస్తే బొమ్మ కనబడుతుంది. పని అయిపోతుంది.

బాబాయి: డబ్బా మీద ఎంతని రాశాడు?

అమ్మాయి: 1000 ఎక్స్ అని.

బాబాయి: దేనికి వెయ్యి రెట్లు? సెన్సార్ మీద పడే బొమ్మ అసలు వస్తువుకు ఎన్ని రెట్లు ఉందన్నది ఒక లెక్క. దాన్ని తెర మీద ఎంత సాగదీసి చూపిస్తున్నామన్నది ఇంకో లెక్క. రెండోదానికి హద్దే లేదు. ఇంకా పెద్ద టీవీ కొనుక్కుంటే రెండువేల రెట్లు అంటాడు. మా భాషలో 1:1 అంటే, ఒక మిల్లీమీటరు వస్తువు సెన్సార్ మీద కూడా ఒక మిల్లీమీటరే ఉంటుంది. కెమెరా మారినా, తెర మారినా ఆ లెక్క మారదు.

అమ్మాయి: ఆ లెక్కా నాకు అక్కర్లేదు. నాకు కావలసింది మిల్లీమీటరుకు ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయన్నది. స్టీలు స్కేలు ఫొటో తీసి రెండు గీతల మధ్య పిక్సెళ్లు ఎంచితే తేలిపోతుంది. నా ఫోను కెమెరాకు 10 ఎక్స్ లూప్ అడ్డం పెట్టి, అదే నగల షాపులో కంటికి పెట్టుకునే అద్దం, అలా కొలిచాను. మిల్లీమీటరుకు వందకు పైనే వచ్చాయి. నీ స్టూడియో కెనాన్ సంగతి?

బాబాయి: 18 మెగాపిక్సెళ్లది. సెన్సార్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు, అందులో 5184 పిక్సెళ్లు. 1:1 దగ్గర మిల్లీమీటరుకు 230 దాకా వస్తాయి.

అమ్మాయి: అంటే రెట్టింపే! ఆ మాత్రం దానికి కెమెరా, రింగులు, ట్రైపాడు, ఇంత సంసారమా?

బాబాయి: పిక్సెళ్లు ఎంచావు, మంచిదే. ఆ పిక్సెళ్లలో ఏముందో చూశావా? లూప్ మధ్యలో బాగానే ఉంటుంది. అంచుకు వెళ్లేసరికి తెల్ల అక్షరానికి ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం అంచులు కడతాయి. బోర్డు బల్లపరుపుగా ఉన్నా అంచులు మసకబారతాయి. బోర్డు మధ్యలో ఉన్న ఒక్క ఐసీ చాలంటే నీ ఫోనే మేలు, నేనూ కాదనను. ఇంతకీ దేన్ని తీస్తావు? అది చెప్పకుండా లెక్కలేసుకుంటున్నాం.

అమ్మాయి: అన్నిటినీ. 0805 సైజు రెసిస్టర్ 2 మిల్లీమీటర్ల పొడవు. 0603 అయితే 1.6. వాటి మీద 103 అని ఉంటే పది కిలో ఓములని చదువుకోవచ్చు. 0402కి వస్తే 1 మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు. నువ్వుగింజ మీద మూడు పరుచుకోవచ్చు. మామూలుగా దాని మీద నంబరే వేయరు. సెరామిక్ కెపాసిటర్ల మీదైతే ఏ సైజైనా దాదాపు ఏమీ ఉండదు. అందుకే విలువ చదవడానికి ఫొటో అనే మాట కొంతవరకే. లేని రాతను నీ లెన్సూ చదవలేదు, మీటరు పట్టుకోవాల్సిందే.

బాబాయి: మరి ఫొటో దేనికి?

అమ్మాయి: సగం దావాలకి.

(దావా అంటే కోర్టు దాకా వెళ్లేది కాదు. సరుకు బాగాలేదని అమ్మినవాడితో పెట్టుకునే పేచీ. అసలు కథ ఇక్కడుంది కాబట్టి ఆమె చెప్పింది దాదాపు పూర్తిగా రాస్తున్నాను.)

అమ్మాయి: పాత బోర్డుల నుంచి ఊడదీసిన ఐసీల పైభాగం అరగదీసి, నల్లటి పూత పూసి, కొత్త నంబరు కొట్టి అమ్ముతారు. తక్కువ రకం చిప్పును ఎక్కువ రకం చిప్పుగా మార్చడమూ ఉంది. బోర్డు మీద వేశాక నాలుగు రోజులు పనిచేసి ఆగిపోతుంది. చెడ్డపేరు నాకు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే ‘మేడమ్, మీరే సోల్డర్ చేసేటప్పుడు కాల్చేసి ఉంటారు’ అంటాడు. అందుకే సరుకు రాగానే, బోర్డు మీద పెట్టకముందే ఫొటో తీసి పంపాలి. చూడాల్సినవి నాలుగైదున్నాయి. ఒకటో పిన్ను దగ్గర గుండ్రటి గుంట ఉంటుంది కదా, అరగదీస్తే దాని లోతు తగ్గుతుంది, పూత పడితే అడుగున నిండుతుంది. పైభాగం నునుపు ఒకలా, పక్కల నునుపు ఇంకోలా ఉంటుంది. కొన్నిసార్లు ఒకే దిక్కుకు సన్నటి గీతలు కనబడతాయి. ఇంకొకటి తేదీ కోడు. 2318 అంటే 2023లో 18వ వారం. ఒకే ట్యూబులో అన్నిటికీ ఒకే కోడు ఉండి, గుంటలు మాత్రం రెండు రకాలుగా ఉంటే వాటిని అనుమానించాల్సిందే.

బాబాయి: ఇదంతా నీ మైక్రోస్కోప్‌లో కనబడిందా?

అమ్మాయి: ... స్నేహితురాలి దాంట్లో చూశాను. నంబరు కనబడింది. గీతలు సరిగ్గా తెలియలేదు.

బాబాయి: తెలియవు. దాని లైట్లు ఎక్కడున్నాయి? లెన్స్ చుట్టూ గుండ్రంగా, నెత్తిమీద. పైనుంచి తిన్నగా కొట్టే వెలుగులో గీతకు నీడ పడదు. నీడ లేకపోతే గీతే లేదు. టంకం బొట్ల మీద మాత్రం ఎనిమిది తెల్ల చుక్కలు మెరుస్తాయి. లెన్స్ గొడవ పక్కనపెట్టి ఒక చిన్న టార్చిలైటు తీసుకో. బల్ల మట్టానికి దించి, పక్కనుంచి చిప్పు పైభాగం మీదుగా ఏటవాలుగా వేయి. అరగదీసిన గీతలన్నీ లేచొస్తాయి. లేజరుతో కొట్టిన అక్షరాలు కూడా అంతే. నల్లటి దాని మీద బూడిదరంగు రాత, ఎదురు వెలుగులో కలిసిపోతుంది, పక్క వెలుగులో విడివడుతుంది.

అమ్మాయి: మేం దానికి సుద్దముక్క రుద్దుతాం. తుడిస్తే అక్షరాల్లో మాత్రం తెల్లగా ఉండిపోతుంది.

బాబాయి: చదువుకోడానికి మంచిదే. సాక్ష్యానికి పనికిరాదు. సుద్ద పూసిన చిప్పు ఫొటో పంపితే, గీతలు నువ్వే గీశావంటాడు.

(ఈ మాటకు ఆమె దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.)

బాబాయి: పాత పెళ్లిఫొటోలు తిరిగి కాపీ తీసేవాళ్లం కదా, రెండు పక్కలా రెండు దీపాలు, 45 డిగ్రీల కోణంలో. అప్పుడు కాగితం మెరుపు లెన్స్‌లోకి రాదు. బోర్డు మొత్తానికి అదే పద్ధతి. లైటుకూ బోర్డుకూ మధ్య ట్రేసింగ్ పేపరు కట్టు. టంకం మీద చుక్కల బదులు మెత్తటి మెరుపు వస్తుంది. అప్పటికీ మెరుపు ఎక్కువైతే దీపాలకు పోలరైజింగ్ షీటు, లెన్స్‌కు అడ్డంగా తిప్పిన పోలరైజర్...

అమ్మాయి: వద్దు బాబాయ్! అది నాకు పనికిరాదు. దీపానికీ లెన్స్‌కీ అడ్డదిడ్డంగా పోలరైజర్ పెడితే టంకం మెరుపు కూడా చచ్చిపోయి నల్లగా కనబడుతుంది. ఆ మెరుపు వంపు చూసే కదా టంకం కాలికి పాకిందా, ఉండలా పైపైన కూర్చుందా అని పోల్చుకునేది. అయితే మెరిసినంత మాత్రాన మంచి టంకమని కాదు. సీసం లేని టంకం పుట్టుకతోనే కాస్త గరుకుగా, మెరుపు తక్కువగా ఉంటుంది. కానీ వంపు కనబడాలి. పోలరైజర్ లక్క పూసిన బోర్డుల మీద రాత చదవడానికి పెట్టుకుంటాను, అంతే.

బాబాయి: సరే, ఆ సంగతి నీకే తెలుసు. దీపం బదులు ఫ్లాష్ వాడితే ఇంకో లాభం ఉంది. శక్తి తగ్గించి పెడితే అది వెలిగేది సెకనులో పదివేలో వంతు. బల్ల కదిలినా, పైన ఫ్యాను ఊపినా ఫొటోలో తెలియదు.

అమ్మాయి: ఫ్లాషా! రాస్ప్‌బెరీ పై 2 కథ విన్నావా? 2015లో ఆ బోర్డు కొత్తగా వచ్చింది. కొన్నవాళ్లు ముచ్చటపడి ఫొటో తీస్తే బోర్డు టక్కున ఆగిపోయింది. మళ్లీ తీస్తే మళ్లీ ఆగింది. చివరికి తేలిందేమిటంటే, దాని మీద యూ16 అనే పవర్ చిప్పుకు నల్లటి ప్లాస్టిక్ డొక్కు లేదు, సిలికాన్ దాదాపు బయటికే ఉంది. జెనాన్ ఫ్లాష్ వెలుగు పడగానే లోపల కరెంటు పుట్టి లెక్క తప్పేది. వెలుగు తగలకుండా దాని మీద కాస్త మైనం లాంటిది అతికిస్తే సరిపోయింది.

బాబాయి: (నవ్వి) ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందనేవారు మా మేనత్త. నిజమేనన్నమాట. అయితే బోర్డు ఆపి తీద్దాం.

అమ్మాయి: నేను ఆపే తీస్తాను. కానీ నడుస్తున్న బోర్డు మీద ఎల్‌ఈడీలు చూపించాలంటే మామూలు లైటే గతి. అక్కడ ఇంకో బాధ, చౌక ఎల్‌ఈడీ బల్బులు మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫోన్లో అడ్డంగా చారలు పడతాయి. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టుకుంటే పోతాయి.

(ఇక లెన్సుల దగ్గరికి వచ్చారు. ఇక్కడ నేను ఊహించినంత యుద్ధం జరగలేదు. ఆయన కొత్తది కొనమంటాడనుకుంది ఆమె. ఆయన ఉన్నదాన్నే తిరగేయమన్నాడు.)

బాబాయి: నీకు లెన్స్ కొనే పనే లేదు. కెమెరాతో వచ్చిన 18-55 ఉంది. దాన్ని తిరగేసి బిగించడానికి రివర్స్ రింగు కొన్ని వందల్లో దొరుకుతుంది. 18 దగ్గర పెడితే మూడు రెట్లు దాటిపోతుంది. మామూలు 50 మిల్లీమీటర్ల లెన్స్ తిరగేస్తే దాదాపు 1:1. తిరగేయకుండానే కావాలంటే మధ్యలో గొట్టాలు. 50 లెన్స్‌కు 50 మిల్లీమీటర్ల గొట్టం పెడితే ఒక రెట్టు. చౌక సెట్టులో 7, 14, 28 మూడు ముక్కలుంటాయి. కలిపితే 49. లెక్క సరిపోయింది. వాటిల్లో అద్దమే ఉండదు, ఖాళీ గొట్టం. ఖాళీకి నాసిరకం ఏముంటుంది?

అమ్మాయి: తిరగేస్తే కెమెరాకూ లెన్స్‌కూ మాటలుండవుగా. అపర్చర్ ఎలా మారుస్తాను?

బాబాయి: అక్కడే కిటుకు. కెనాన్ అయితే మామూలుగా బిగించి, అపర్చర్ ఎంచుకుని, డెప్త్ చూసే బటన్ నొక్కి పట్టుకునే లెన్స్ ఊడదీయి. ఆకులు ఆ స్థితిలోనే నిలబడిపోతాయి. నికాన్ జీ రకం లెన్సులకు అపర్చర్ రింగుండదు, ఊడదీస్తే పూర్తిగా మూసుకుపోతాయి. ఈ యాతన వద్దనుకుంటే రింగున్న పాత లెన్స్ మేలు. అసలైనది నా దగ్గరే ఉంది. అటక మీద ఎన్‌లార్జర్ లెన్స్.

అమ్మాయి: డార్క్ రూములోదా? అది ఫొటోలు తీసే లెన్స్ కాదుగా?

బాబాయి: అది బల్లపరుపుగా ఉన్న నెగెటివ్‌ను బల్లపరుపుగా ఉన్న కాగితం మీదికి దించడానికి పుట్టింది. దగ్గర్లో ఉన్న వస్తువును అంచు దాకా సమానంగా చూపించడమే దాని వృత్తి. నీ బోర్డు ఏమిటి? అదీ బల్లపరుపే. 39 మిల్లీమీటర్ల మర ఉంటుంది. దాన్నుంచి 42కి ఒక రింగు, 42 నుంచి కెనాన్‌కు ఇంకో రింగు, మధ్యలో గొట్టాలు. 1:1 దాటితే మాత్రం తిరగేసి పెట్టాలి.

అమ్మాయి: తెనాలి చెమ్మలో అన్నేళ్లు ఉంది. ఫంగస్ పట్టి ఉంటుంది.

బాబాయి: సిలికా జెల్ పొట్లం వేసి డబ్బాలో పెట్టాను. వెనకనుంచి టార్చి వేసి చూద్దాం. సాలెగూడు లాంటిది కనబడితే పారేయి.

(రేనాక్స్ డీసీఆర్-250 అని ఒక క్లిప్ అద్దం ఉంది. ఆ సంగతి నేనే ఎత్తాను. 8 డయాప్టర్లు, అంటే 125 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్. 250 టెలీ లెన్స్ ముందు తగిలిస్తే 2 రెట్లు. అపర్చర్, ఆటోఫోకస్ అన్నీ మామూలుగా పనిచేస్తాయి. బోర్డుకు దాదాపు అర జానెడు దూరం దొరుకుతుంది. సైట్లకు వెళ్లి తీసేవాళ్లకు నేను చెప్పేది అదే. మూడునాలుగు అద్దాల గుత్తిగా అమ్మే +1, +2, +4, +10 ఫిల్టర్లు మాత్రం కొనొద్దంటాను. ముఖ్యంగా ఆ +10 రంగుల అంచులు కడుతుంది. ఆమె రేనాక్స్ ధర ఫోన్లో చూసి, ‘పదివేలల్లో పెద్ద ముక్క ఇదే తినేస్తుంది’ అని పక్కన పెట్టేసింది.)

అమ్మాయి: లెన్స్ ఖర్చు లేదన్నావు, సంతోషం. అయితే మిగిలింది కలిపి స్టీరియో మైక్రోస్కోప్‌కు దాచుకుంటాను. రెండు కళ్లతో చూస్తూ టంకం వేయాలంటే అదొక్కటే దారి. 7 నుంచి 45 రెట్ల జూమ్, లెన్స్ కింద సుమారు 10 సెంటీమీటర్ల ఖాళీ. 0.5 బార్లో అద్దం కలిపితే రెట్లు సగానికి తగ్గి, ఖాళీ ఇంకా పెరుగుతుంది. ఐరను, ట్వీజరు రెండూ దూరతాయి. మూడో గొట్టం ఉన్నదైతే కెమెరా కూడా పెట్టుకోవచ్చు. నీ కెమెరా తెర చూస్తూ ఐరన్ పెడితే లోతు తెలియక పక్క పిన్నుకు అంటిస్తాను.

బాబాయి: పనిచేయడానికి అది కొనుక్కో, నేను వద్దన్నానా? చూడటం వేరు, చూపించడం వేరు. కానీ ఆ మూడు గొట్టాల ట్రైనాక్యులర్‌కు ఈ డబ్బు చాలదు. చాలేలోపు నీ దావాలు ఆగవు.

అమ్మాయి: లోతు సంగతి నీ కెమెరాలో మాత్రం ఏం బాగుంది? కెపాసిటర్ తల మీద ఫోకస్ పెడితే బోర్డు మసక. బోర్డు మీద పెడితే తల మసక. అపర్చర్ 16కు మూసేస్తే?

బాబాయి: మూస్తే లోతు పెరుగుతుంది, పదును పోతుంది. దగ్గరి ఫొటోల్లో అపర్చర్ అంకె అబద్ధం చెబుతుంది. 2 రెట్ల దగ్గర దాన్ని మూడుతో గుణించాలి. 16 అంటే నిజానికి 48. అంత సన్నటి కంతలోంచి వచ్చేసరికి వెలుగు చెదిరి, ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది. 5.6 దగ్గరే ఉండు.

అమ్మాయి: 5.6 దగ్గర, 2 రెట్లకు... (కాగితం మీద వేసి) పదునుగా ఉండే మందం 0.17 మిల్లీమీటర్లు. ఎస్‌ఎండీ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎత్తు 5.4. అంటే ముప్పై నలభై ఫొటోలు తీసి కలపాలి.

బాబాయి: కలిపేవాటికి డబ్బు కట్టాలా?

అమ్మాయి: హెలికాన్, జెరీన్ అయితే కట్టాలి. హ్యూగిన్‌తో పాటు వచ్చే ఎన్‌ఫ్యూజ్ ఉచితం. సాఫ్ట్‌వేర్ కాదు నా దిగులు, స్టాండు. ఇక్కడ ట్రైపాడు మెడ వంచి కెమెరాను కిందికి చూపిస్తే ముందుకు వాలిపోతుంది.

బాబాయి: ఎన్‌లార్జర్ లెన్స్ ఒక్కటే అటక మీద ఉందనుకున్నావా? స్తంభం, అడుగు చెక్క కూడా ఉన్నాయి. దీపం డబ్బా తీసేసి కెమెరా తగిలిస్తే అంతకు మించిన కాపీ స్టాండు ఏ కంపెనీ చేయదు. పక్కకు ఊగదు, నిట్టనిలువుగా దిగుతుంది.

అమ్మాయి: ఆ స్తంభం పిడి తిప్పితే ఒక్కసారిగా సెంటీమీటరు దిగుతుంది. నాకు 0.12 చొప్పున కావాలి.

బాబాయి: స్తంభాన్ని కదపకు. కింద బోర్డును లేపు. చిన్న పలక, నాలుగు మూలలా జారే కడ్డీలు, అడుగున ఎం6 బోల్టు. ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు. పిడికి ఎనిమిది గీతలు పెడితే గీతకు 0.125.

అమ్మాయి: నలభై మూడు సార్లు చేత్తో తిప్పి, ప్రతిసారీ రెండు సెకన్ల టైమర్ పెట్టి! బాబాయ్, నా అలమరలో పాత 3డీ ప్రింటర్ మర, స్టెప్పర్ మోటారు పడున్నాయి. చుట్టుకు 8 మిల్లీమీటర్లు, 200 అడుగులు. అడుగుకు 0.04. మూడేసి అడుగులు వేయించి, కెమెరాకు కేబుల్ ఇచ్చి టీ తాగొస్తాను.

బాబాయి: ప్రోగ్రామ్ రాయడానికి ఎన్నాళ్లు?

అమ్మాయి: ఒక ఆదివారం.

బాబాయి: నీ ఆదివారాలు నాకు తెలుసు. ముందు బోల్టు పెడదాం, ఈ నెల సరుకు దాంతో తీయి. బోల్టు తలకు తర్వాత మోటారు తగిలించుకునేలా చేయిస్తాను.

అమ్మాయి: బోల్టు ఖర్చు?

బాబాయి: లేతు పనివాడికి రెండొందలు. రింగులు, గొట్టాలు కలిపి వెయ్యీ పదిహేనువందలు అనుకో. మంచి ఎల్‌ఈడీ దీపాలు రెండు. మిగిలింది నీ మైక్రోస్కోప్ హుండీలో వేసుకో. ఫొటో తీసేటప్పుడు ఫ్యాను ఆపు. బోల్టును ఒకే వైపుకు తిప్పు. పొరపాటున దాటిపోతే, బాగా వెనక్కి వచ్చి మళ్లీ పైకి లేపుకుంటూ రా. మరలో ఎంతో కొంత వదులుంటుంది, వెనక్కి తిప్పిన మొదటి గీతకు పలక కదలదు.

అమ్మాయి: దాన్ని మేం బ్యాక్‌లాష్ అంటాం. కింద స్ప్రింగు పెడితే పోతుంది.

బాబాయి: స్ప్రింగు పెడతావా? ఏ బలానిది?